వానాకాలం చూసి చెప్పమన్న మామ

మామ పోయాడని అత్త ఫోన్ చేసినప్పుడు నేను దొనకొండలో నా షాపులో ఉన్నాను. ఎండ ముదిరిన పొద్దు. ఇద్దరు రైతులు తమ మోటార్ల కోసం నీడలో కూర్చుని ఉన్నారు. "మీ మామ పోయినాడు అల్లుడా," అంది అత్త. ఫోను మాత్రం వెంటనే పెట్టేయలేదు. ఆమె వెనక ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి నిదానంగా రమ్మనీ, బండి మీద ఒక్కణ్ణే బయల్దేరవద్దనీ చెప్పి పెట్టేసింది.

రైతులకు విషయం చెప్పాను. వాళ్ళలో పెద్దాయనకు మామ తెలుసు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత తన మోటారు సంగతి ఎత్తకుండా, నా షాపు షట్టరు ఆయనే కిందికి లాగాడు.

చదివేవాళ్ళకు ఒక మాట ముందే చెప్పాలి. ఆయన నాకు మేనమామ కాదు, పిల్లనిచ్చిన మామా కాదు. మా కులాలు వేరు, మా దేవుళ్ళు వేరు. ఆయన నుదుటి మీద రోజూ విభూతి ఉండేది, మా ఇంటి గోడ మీద సిలువ ఉంటుంది. ఆయన మార్కాపురంలో మోటార్ల వైండింగ్ షాపు నడిపేవాడు. నేను ఆయన దగ్గర జీతానికి పనిచేసినవాణ్ణి. పనిలో చేరిన రోజు 'సార్' అన్నాను. "సార్ ఏంది, ఇదేమన్నా ఇస్కూలా?" అన్నాడు. మా వైపు వరస కలపకుండా ఎవరూ ఎవరినీ పిలవరు. ఆ పూట నుంచి ఆయన మామ, ఆయన భార్య అత్త.

మాది పుల్లలచెరువు మండలంలో అడవి అంచున ఉన్న పల్లె. అమ్మా నాయనా కూలికి పోయేవాళ్ళు. పొద్దున్నే ఎవరైనా పిలిస్తే పని, పిలవకపోతే లేదు. నేను ఐటీఐ పూర్తిచేసి మామ దగ్గర చేరాక, వచ్చే నెల ఇంట్లోకి ఏమొస్తుందో ముందే చెప్పగలిగే మనిషి మా ఇంట్లో మొదటిసారి ఒకడు తయారయ్యాడు. తొలి జీతం అమ్మ చేతిలో పెడితే, ఆమె ఆ ఆదివారం మా గుడిలో, అంటే చర్చిలో, లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. ఆ నెల జీతానికే కాదు, ఇంకా రాని నెల జీతానికి కూడా దేవుడికి వందనాలు చెప్పేసింది. ఆమె నమ్మకం అంత.

మామ జీతం ఎప్పుడూ ఒకటో తారీఖు పొద్దున్నే ఇచ్చేవాడు, షాపు తెరవకముందే. సాయంత్రం ఇస్తే పొద్దంతా మనసు దాని మీదే ఉంటుందని ఆయన లెక్క. చేతిలో పెట్టాక ఇక ఆ మాట ఎత్తేవాడు కాదు, మేము దండం పెట్టబోయినా చూడనట్టు షట్టరు వైపు తిరిగేవాడు.

బోరు మోటారు కాలిపోతే లోపలి రాగి తీగంతా తీసేసి కొత్త తీగ చుట్టాలి. అదే మా పని. ఎండాకాలంలో షాపు ముందు మోటార్లు వరసగా పడి ఉండేవి. రైతు రాగానే వేరే షాపుల్లో ఏమైందని అడుగుతారు. మామ ముందు "ఏం పంట?" అని అడిగేవాడు. బత్తాయి తోట అంటే ఒక రకం, మిరప అంటే ఒక రకం, పశువులకు గడ్డి అంటే ఇంకో రకం. ఎవరి మోటారు ముందు విప్పాలో దాన్నిబట్టి చెప్పేవాడు. ముందొచ్చినవాళ్ళు గొడవపడితే, "నీ కంది ఇంకో నాలుగు రోజులు ఓర్చుకుంటాది అన్నా, ఆయన మిరప ఓర్చుకోదు," అనేవాడు. ఆయన చెబితే గొడవ ఆగిపోయేది. ఎందుకు ఆగిపోయేదో నాకు చాలా కాలం అర్థం కాలేదు. రేపు తన పంట ఎండుతున్నప్పుడు ఈ మనిషి తన పక్షాన కూడా ఇలాగే నిలబడతాడని ప్రతివాడికీ తెలుసు. అంతే.

సొంత షాపు పెట్టుకోవాలనే కోరిక నాకు పెళ్ళయ్యాక పుట్టింది. మా ఆవిడది దొనకొండ. ఆదివారం గుడి అయ్యాక రైలెక్కి వాళ్ళ అమ్మ ఇంటికి పోతే, ఆ వీధివాళ్ళు ఫ్యానో, ఇంటి నీళ్ళ మోటారో తెచ్చి అరుగు మీద పెట్టేవాళ్ళు. మామకు చెప్పే చేశాను. ఆయన అభ్యంతరం పెట్టలేదు, కావలసిన సామాను కూడా షాపులోంచి తీసుకుపొమ్మన్నాడు. ఒక్కటే అడిగాడు, తనతో అబద్ధం ఆడవద్దని.

ఒకరోజు ఒక రైతు నన్ను నానా మాటలూ అన్నాడు. తప్పు నాది కాదు. మామ నన్ను వెనకేసుకురాలేదు, ఆ రైతుకు టీ తెప్పించాడు. ఆ సాయంత్రమే ఆయన దగ్గరికి పోయి, మానేసి సొంతంగా పెట్టుకుంటానన్నాను. ఆయన చేతులు కడుక్కుంటూ విని, "ఈరోజు పోతే షాపు పెట్టుకోడానికి పోయినట్టు కాదు, నా మొహం చూడలేక పోయినట్టు. కోపం ఆరినాక రా, మాట్లాడదాం," అన్నాడు. కోపం వారం కూడా నిలవలేదు. కోరిక మాత్రం నిలిచింది.

మళ్ళీ అడిగింది నడివేసవిలో. దొనకొండ అరుగు మీద ఆదివారం పని సాయంత్రానికి కూడా తెగడం లేదు. మా ఆవిడ, ఇంకా ఎందుకు ఆగడం అంటోంది. నేను ధైర్యంగా పోయి చెప్పాను. ఆయన నవ్వాడు.

"ఎండాకాలంలో అందరికీ పని ఉంటాది అల్లుడా. వానలు పడితే మోటార్లు ఆగుతాయి. అప్పుడు నీ అరుగు మీదికి ఎవరొస్తారో చూడు. వానాకాలం చూసి చెప్పు."

ఇంకో మాట కూడా చెప్పాడు. ఆ వానాకాలమంతా జీతాన్ని ముట్టుకోకుండా ఆదివారాల సంపాదనతోనే బతికి చూడమన్నాడు. మా ఆవిడకు ఆ మాట నచ్చింది. జీతం తెచ్చి ఆమెకిస్తే బియ్యం డబ్బా అడుగున పెట్టి మూత వేసేది. రెండో నెలలో పాపకు జ్వరం వచ్చింది, మూత తీయక తప్పలేదు. ఉన్నదున్నట్టు మామకు చెప్పాను. ఆయన నన్ను చిన్నబుచ్చలేదు. వచ్చే వానాకాలం ఎక్కడికీ పోదు కదా అన్నాడు.

ఆ ఏడే వానలు బాగా పడ్డాయి. నల్లమల పచ్చగా మారింది, వాగులు పారాయి. మా షాపులో పని ఆగిపోయింది. అలాంటి వారంలో ఒక పొద్దున మామ తన కుర్చీలోంచి లేచి, ఈ వారం నువ్వు కూర్చో అని నన్ను కూర్చోబెట్టాడు. ఆయన నా చోట నేల మీద కూర్చుని, పాత మోటార్లు విప్పి తుడుచుకున్నాడు. నేను కుర్చీలోంచి రోడ్డు చూశాను. ఎవరూ రాలేదు. వచ్చినవాళ్ళు పాత రిపేరు సరిగా లేదని పోట్లాడడానికి వచ్చారు. తీగ అమ్మేవాడు ఫోన్ చేశాడు, కరెంటు బిల్లు వచ్చింది. ఒకటో తారీఖు దగ్గరపడుతోంది. జీతం తీసుకునే చోట కూర్చున్నప్పుడు ఎప్పుడూ లేని దడ ఆ కుర్చీలో మొదలైంది. పనిలేని నెలల్లో కూడా ఆయన మాకు ఒకటో తారీఖు పొద్దున్నే ఎలా ఇచ్చాడో, అది ఇవ్వడానికి ఇంట్లో ఏం మానుకున్నాడో, అన్నేళ్ళలో నాకు ఒక్కసారీ తోచలేదు.

వారం చివర అడిగాడు, ఎట్లుందని.

"భయంగా ఉంది మామా."

"నాకూ ఉంటాది. ఆ భయంతోనే తిండి తిని పడుకోగలిగితే షాపు పెట్టు. లేదంటే ఇక్కడే ఉండు, అది తక్కువ బతుకేం కాదు. మీ అమ్మను అడుగు, నెల జీతం ఎంత పెద్దదో చెబుతాది."

తర్వాతి వానాకాలానికి నేను కొంచెం తెలివి నేర్చాను. వానల్లో బోరు మోటార్లు రావు కానీ, పిండిమర మోటార్లు కాలుతాయి, పిడుగులకు స్టార్టర్లు పోతాయి, ఇళ్ళలో మిక్సీలు పాడవుతాయి. అవన్నీ పట్టుకున్నాను. ఆ ఏడు మా ఆవిడ బియ్యం డబ్బా మూత తీయలేదు. వానాకాలం గడిచింది. ఇక మామకు చెప్పడమే మిగిలింది.

ఆ నెలలోనే ఆయన కాళ్ళు వాచాయి. మార్కాపురం ఆసుపత్రిలో పరీక్షలు చేసి, కిడ్నీలు రెండూ పోయాయన్నారు. ఇక బతికినన్నాళ్ళూ డయాలసిస్ అని డాక్టరు చెప్పినప్పుడు గదిలో అత్తా, నేనూ ఉన్నాం. మామ మాత్రం, మంచం పక్కన ఫ్యాను చప్పుడు చేస్తోంది, బేరింగు మార్చాలి అన్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొన్నాళ్ళకు ఆయనే అడిగాడు, వానాకాలం సంగతేమైందని. జీతం మళ్ళీ ముట్టుకోవలసి వచ్చింది మామా అని చెప్పేశాను. ఆయన తల ఊపాడు. ఆయన డయాలసిస్‌కు పోయే రోజుల్లో షాపు నేనే తెరిచేవాణ్ణి, నేనే మూసేవాణ్ణి. దొనకొండ మాట ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు. మా ఆవిడ కూడా సరే అంది. కానీ ఆమె అత్తను చూడటానికి పోయినప్పుడు ఇద్దరూ కూర్చుని కష్టసుఖాలు చెప్పుకున్నారు. ఆ మాటల్లో బియ్యం డబ్బా సంగతి బయటపడింది.

ఆ ఒకటో తారీఖు పొద్దున ఆయన ఎప్పటిలాగే జీతం నా చేతిలో పెట్టాడు. ఎప్పటిలా షట్టరు వైపు తిరగలేదు.

"నాకు అబద్ధం ఎందుకు చెప్పినావు?" అన్నాడు.

"ఈ టైములో నిన్ను వదిలి ఎట్ల పోతాను మామా?"

"ఈ టైమంటే ఏంది? నాది తగ్గే జబ్బు కాదని డాక్టరు నీ ముందరే చెప్పినాడు. ఇది అయిపోయేదాకా ఆగుతానంటే, నేను ఎప్పుడు పోతానా అని నువ్వు ఎదురు చూస్తున్నట్టే కదా."

"అట్ల అనొద్దు మామా."

"నువ్వు అనుకోవు. నాకు తెలుసు. కానీ రోజూ పొద్దున నీ మొహం చూసి, వీడు నా వల్ల ఆగిపోయినాడే అనుకుంటా నేను బతకలేను. డయాలసిస్ కన్నా అది కష్టంగా ఉంది నాకు."

నేను ఏడుస్తున్నాను. ఆయన చెయ్యి చాపాడు. దేనికో అర్థం కాలేదు. షాపు తాళంచెవి నా జేబులో ఉంది, అది ఇమ్మంటున్నాడు. ఇచ్చాను. "పో. పొయ్యి నీ షాపుకు తాళం కొనుక్కో," అన్నాడు. జీతం ఇచ్చే ఉద్యోగాల్లోంచి జనాన్ని తీసేయడం నేను చూశాను, విన్నాను. అంత ప్రేమతో ఎవరినైనా తీసేయగలరని మాత్రం అప్పుడే తెలిసింది.

సామాను మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు. ఇస్తే దొనకొండది కూడా తన షాపే అవుతుందని, నాది నేనే కొనుక్కోవాలని అన్నాడు. అత్త, కనీసం తీగ చుట్టే మిషనన్నా ఇయ్యరాదా అని గట్టిగానే అడిగింది. ఆయన వినలేదు. కానీ షాపు తెరిచే రోజుకు, డయాలసిస్ చేయించుకున్న మర్నాడే, అత్తను వెంటబెట్టుకుని రైల్లో దొనకొండ వచ్చాడు. పాస్టరయ్య ప్రార్థన మొదలుపెట్టగానే చెప్పులు విడిచి నా పక్కన నిలబడ్డాడు, నా భుజం మీద చెయ్యి వేశాడు. మా పాస్టరయ్యది పెద్ద ప్రార్థన. సాగుతున్నకొద్దీ ఆ చెయ్యి బరువెక్కుతూ వచ్చింది. చివరికి ఆయన ఒళ్ళంతా నా భుజం మీదే ఆనింది. కూర్చోమని చెబుదామని కళ్ళు తెరిచాను. ఆయన కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతున్నాడు. ఏ దేవుణ్ణి అడిగాడో, ఏం అడిగాడో నేను అడగలేదు.

ఆ తర్వాత ఆయన షాపు ఎక్కువ రోజులు నడవలేదు. ముందు వారంలో మూడు రోజులు, తర్వాత పొద్దుటిపూట మాత్రమే, తర్వాత అదీ లేదు. దర్శి వైపు నుంచీ, కురిచేడు వైపు నుంచీ వచ్చే రైతులు ఇంటికి పోయి అడిగితే నా పేరు చెప్పి పంపేవాడు. వాళ్ళు నా దగ్గరకొచ్చి, మీ మామ పంపినాడు అనేవాళ్ళు. సొంత మామ అనుకునేవాళ్ళు చాలామంది. నేను సరిదిద్దేవాణ్ణి కాదు.

నిరుడు వానలప్పుడు నాకు నిజంగానే భయం పట్టుకుంది. ముసురు ఆగలేదు. షాపుకు ఎవరూ రాలేదు. పిల్ల స్కూలు ఖర్చులు ముందున్నాయి. సరిగ్గా అప్పుడే సోలార్ ప్లాంటులో ఎలక్ట్రీషియన్ ఉద్యోగం ఉందని, నెల జీతమని, పీఎఫ్ కూడా అని ఒకాయన ఫోన్ చేశాడు. రెండు రోజుల్లో చెప్పమన్నాడు. నేను రైలెక్కి మామ దగ్గరికి పోయాను.

ఆయన వరండాలో మంచం మీద ఉన్నాడు. చెయ్యి మీద సూదులు పొడిచిన చోట నరాలు తాళ్ళలా ఉబ్బి ఉన్నాయి. మనిషి సగమయ్యాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

"విసుగొచ్చిందా, భయమేసిందా?" అని అడిగాడు.

"భయమే మామా. పని మీద విసుగు లేదు."

కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"ఉద్యోగం చిన్నతనమేం కాదు. పోవాలనిపిస్తే పో. ఉండాలనిపిస్తే ఉండు. నన్ను మాత్రం అడగొద్దు అల్లుడా. వచ్చే వానాకాలం అడగడానికి నేనుండను. ఇప్పటి నుంచే అలవాటు చేసుకో."

అత్త లోపలి నుంచి వింటూనే ఉంది. అన్నం పెడతాను తిని పో అంది. తిన్నాను. ఏం తిన్నానో తెలియదు. ఆయనకు నీళ్ళు కూడా కొలిచి ఇచ్చే రోజులవి. నా గ్లాసులో నీళ్ళ వైపు ఆయన చూస్తుంటే తాగలేక పక్కన పెట్టేశాను. "తాగు," అన్నాడు, "నువ్వు తాగితే నేను తాగినట్టే."

తిరుగు రైలు కోసం స్టేషన్లో వానకు తడవకుండా నిలబడి, ఆ సోలార్ ఆయనకు ఫోన్ చేసి రానని చెప్పాను. మా ఆవిడను కూడా అడగలేదు. నా బతుకులో ఎవరినీ అడగకుండా నేను తీసుకున్న మొదటి నిర్ణయం అది. చెప్పాక నాకు ధైర్యం రాలేదు. దుఃఖం వచ్చింది. అడిగే మనిషి ఇంకా బతికుండగానే, అడగకుండా ఉండటం నేర్చుకోవలసి వచ్చినందుకు.

ముసురు ఆగింది. పిండిమరలు కాలాయి, చలికాలంలో ఇళ్ళ మోటార్లు వచ్చాయి, ఎలాగో గట్టెక్కాం. ఎండలు మొదలయ్యాక షాపు ముందు మోటార్లు బారులు తీరాయి. ఈస్టరు ముందు ఆదివారం పిల్లను తీసుకుని పోయి ఆయనకు ఆ సంగతులన్నీ చెప్పాను. ఏ ఊరి మోటార్లు వస్తున్నాయో, ఏ పంటలు ఎండుతున్నాయో ఒక్కొక్కటీ అడిగి చెప్పించుకున్నాడు. మధ్యలోనే నిద్ర పట్టింది. పాప ఆయన వేలు పట్టుకుని కూర్చుంది. లేపవద్దని అత్త సైగ చేసింది. చెప్పకుండానే వచ్చేశాం. అదే ఆఖరు.

ఆయన్ని తీసుకుపోయిన రోజు రైతులు వస్తూనే ఉన్నారు. దూరం ఊళ్ళవాళ్ళకు కబురు ఆలస్యంగా అంది, సాయంత్రానికి చేరి ఖాళీ వాకిలి చూసి కూర్చుండిపోయారు. గిద్దలూరు నుంచి వచ్చిన ఆయన కూతురు నన్ను పట్టుకుని, నాయన నీ గురించే ఎక్కువ మాట్లాడేవాడు అంది. నాకు జీతం ఇచ్చినవాడు నాకు బతుకూ ఇచ్చాడని రాస్తే పెద్దమాటలా ఉంటుంది. ఆయనకు పెద్దమాటలు నచ్చవు. ఆయన ఉన్నప్పుడు నా భయాన్ని ఇద్దరం మోశాం. ఇప్పుడు నేనొక్కణ్ణే మోస్తున్నాను. నాకు తెలిసింది అంతే.

మూడో రోజు పొద్దున అందరం వరండాలో కూర్చుని ఉన్నాం. వాకిట్లో ఆటో ఆగింది. పుల్లలచెరువు వైపు మనిషి, చేతుల నిండా ఎర్రమట్టి. అప్పుడే బోర్లోంచి పీకిన మోటారును ఆయనా, ఆటో డ్రైవరూ కలిసి మోసుకొచ్చి వరండాలో దించారు. షాపు మూసి ఉంటే ఇంటికొచ్చినానమ్మా అన్నాడు, మామ లేడా అన్నాడు. అంటూనే గోడ దగ్గర దీపం చూశాడు, పటం చూశాడు. ఉన్నచోటే చతికిలబడ్డాడు.

అత్త ఆయన వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. "ఏం పంట నాయనా?" అని అడిగింది.

"బత్తాయమ్మా," అన్నాడు ఆయన.

మోటారు లోపల మిగిలిన బోరు నీళ్ళు సన్నగా కారడం మొదలుపెట్టాయి. ఎర్రటి ధార ఒకటి గచ్చు మీద వంకర తిరుగుతూ, కూర్చున్నవాళ్ళ కాళ్ళ మధ్య నుంచి, ఖాళీ మంచం కోడు దాకా పోయి, అక్కడ కాసేపు ఆగి, చుట్టూ తిరిగి వాకిట్లోకి దిగింది.